ఎనిమిది కన్నాల పెట్టె

తెనాలి మారీసుపేటలో ఆ ఆదివారం ఉదయం నాగేశ్వరరావుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినడం, రెండో కాఫీ తాగడం, భార్య కనకలక్ష్మిగారు వీణ గదిలో కూర్చోగానే ల్యాప్‌టాప్ మూత తెరిచి ఆవిడ ఎదురుగా పెట్టడం. అంతే. మిగతా పనంతా శనివారమే అయిపోయిందని ఆయన నమ్మకం. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. అన్నీ ముందురోజే సిద్ధం చేసుకోవడం, మర్నాడు వాటినే మళ్లీ మొదటినుంచి చేయడం సర్వీసంతా ఆయనకు అలవాటే.

కనకలక్ష్మిగారికి మాత్రం అది చిన్న ఉదయం కాదు. వీణ ఆవిడకు చిన్నప్పటినుంచీ వచ్చు. అయినా వేదికెక్కినప్పుడల్లా ఇంకొకరి వెనకాల తంబూరా పట్టుకుని కూర్చోవడమే తప్ప, వీణతో తనంత తాను కూర్చున్నది లేదు. తన దగ్గర నేర్చుకున్న పిల్లలు కచేరీలు చేస్తుంటే రెండో వరసలో కూర్చుని తొడమీద తాళం వేసుకునేది. ఇన్నాళ్లకు రేపల్లెలో ఒక సంగీత సభవారు తమ వార్షికోత్సవంలో కొత్తవారికి సోలో కచేరీ ఇస్తామన్నారు. ముందుగా వీడియో కాల్‌లో వాయించి వినిపించాలి. తెనాలిలో రైలెక్కితే రేపల్లె ఎంతసేపు, మేమే వస్తామంటే సభవారు ఒప్పుకోలేదు. కిందటేడు ఎంపికకు వచ్చిన ఒక్కో కళాకారుడి వెంట ఒక్కో పెళ్లివారి బృందం దిగిందట. వాళ్లు పాట విన్నది తక్కువ, పులిహోర తిన్నది ఎక్కువ. అందుకని ఈ ఏడు అంతా నెట్‌లోనే అని తీర్మానం చేసుకున్నారు.

నెట్ ఆ ఇంట్లో ఉంది కానీ హాల్లోనే ఉంది. హాలు వీధి పక్కన. అక్కడ వాయిస్తే వీణకన్నా ఉల్లిపాయల ఆటో మైకే ఎక్కువ వినిపిస్తుంది. వీణ గది ఇంటి వెనకాల, పాతకాలపు లావుపాటి గోడల అవతల. ఆ గోడల్ని దాటి వైఫై లోపలికి రాదు. కొడుకు శ్రీవత్స బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాడు. వాడే వీణ గదికి వైరు లాగాడు. తీరా చూస్తే రూటరుకున్న నాలుగు కన్నాలూ అప్పటికే నిండిపోయి ఉన్నాయి. టీవీకొకటి, వాకిట్లో కెమెరాలకొకటి, మేడమీద అద్దెకున్న మేఘనకొకటి, శ్రీవత్స గదికొకటి.

"నాన్నా, ఎనిమిది పోర్టుల మామూలు నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పట్రా, అదే ఎనిమిది కన్నాల పెట్టె. సెట్టింగులుండే ఖరీదైనవి మనకొద్దు. గిగాబిట్ అని రాసుందో లేదో చూసుకో, ఇనప డబ్బా అయితే ఇంకా మంచిది. రూటరు నుంచి ఒక్క వైరు దాంట్లోకి, మిగతావన్నీ దాంట్లోంచి. గుచ్చితే చాలు, పనిచేస్తుంది," అని చెప్పి శ్రీవత్స శనివారం పొద్దున్నే బాపట్ల వెళ్లిపోయాడు. ఆదివారం ఏదో పోటీ పరీక్షకు వాడి డ్యూటీ.

ఇంత వివరంగా చెప్పినదాంట్లో నాగేశ్వరరావుగారికి గుచ్చుకున్నది ఒక్క ఎనిమిదే.

ఎనిమిది ఆయనకు పడదు. పడదంటే కాస్తో కూస్తో కాదు. నంబరు కూడితే ఎనిమిది వచ్చే స్కూటరు కొన్న వారానికే దుగ్గిరాల దగ్గర పసుపు బస్తాల ట్రాక్టరు దాన్ని కాలవలోకి తోసింది. ఎనిమిదో తారీఖున చేతికొచ్చిన బదిలీ ఆర్డరు ఆయన్ని కాకుమాను పంపించి, అడుగడుగునా అగచాట్లు పెట్టింది. ఏడంటే మాత్రం ప్రాణం. ఉద్యోగంలో చేరింది ఏడున. పెళ్లయిందీ ఏడున. "ఏడో తారీఖు నాకు కనకలక్ష్మినిచ్చింది" అని బంధువులందరిముందూ అంటూంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా కనకలక్ష్మిగారు ఎందుకో కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది.

శనివారం ఆయన బోసు రోడ్డులోని కంప్యూటర్ల షాపుకు వెళ్లారు. షాపు నడిపే జ్యోత్స్న బల్లమీద రెండు పెట్టెలు పెట్టింది. ఒకటి అయిదు కన్నాలది, ఒకటి ఎనిమిది కన్నాలది. ఏడు కన్నాలది లేదా అని ఆయన అడిగారు.

"ఏడుది ఎవరూ చెయ్యరండి బాబాయిగారూ. అయిదు, ఎనిమిది, పదహారు, అంతేనండి. ఇంట్లోకేగా, ఈ ఎనిమిదిది పట్టుకెళ్లండి."

ఆయన ఆ ఎనిమిదిదాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. అయిదుదాన్ని తిప్పి చూశారు, బోర్లించి చూశారు. వెనక నిలబడ్డవాళ్లు దగ్గడం మొదలుపెట్టారు. చివరికి ఆయన మొహం వెలిగింది. రెండు అయిదులు ఇమ్మన్నారు. రెండయిదులు పది. అబ్బాయి అడిగినదానికన్నా రెండు ఎక్కువే, మధ్యలో ఎనిమిది ప్రసక్తే లేదు. రెండూ కలుపుకోవాలంటే మధ్యలో ఒక వైరు వేసుకోండని జ్యోత్స్న చెప్పి, పెట్టెకొకటి చొప్పున రెండు పొట్టి వైర్లు కూడా చేతిలో పెట్టింది. ఒకటి చాలుగా అని ఆవిడా అనలేదు, రెండోది ఎందుకని ఈయనా అడగలేదు.

ఆ సాయంత్రమే నడిమింటి గూట్లో రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక వైరు గుచ్చి, మిగతావన్నీ వాటిలోకి తెచ్చారు. వీణ గదిలో బొమ్మ అద్దంలాగా వచ్చింది. ఫోన్లో శ్రీవత్స, ఎనిమిదిదేగా తెచ్చింది అని అడిగితే, అంతకన్నా మంచిదే తెచ్చానని గర్వంగా చెప్పారు. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

ఆదివారం ఇడ్లీ అయ్యాక, రెండో కాఫీకి ఇంకా టైముంది కదాని, ఆయన గుడ్డ తీసుకుని ఆ పెట్టెలమీద దుమ్ము తుడవబోయారు. ముందురోజు కొన్న పెట్టెలమీద దుమ్మెక్కడిది? అయినా తుడిచారు. తుడుస్తూ కన్నాలు లెక్కపెట్టారు. రెండు పెట్టెలకూ కలిపి పది. మధ్యలో కలిపిన వైరు ఇటొకటి, అటొకటి మింగేసింది. మిగిలినవి ఎనిమిది.

ఆయన పక్కనున్న బియ్యం డబ్బామీద కూర్చుండిపోయారు. మళ్లీ కుడినుంచి ఎడమకు లెక్కపెట్టారు. ఎటునుంచి లెక్కపెట్టినా అవి ఎనిమిదే. డబ్బిచ్చి వదిలించుకున్న ఎనిమిది దొడ్డిదారిన గూట్లోకి వచ్చి కూర్చుంది, అదీ కనకలక్ష్మి కచేరీ తేలే రోజున. ఆవిడ ఎన్నేళ్లుగా ఈ రోజుకోసం చూస్తోందో ఆయనకు తెలియనిది కాదు. తన అచ్చిరాని సంఖ్య ఆవిడకు అడ్డం పడితే ఆయన తట్టుకోలేరు.

అప్పుడు ఆ రెండో పొట్టి వైరు కంటబడింది. దాన్ని కూడా రెండు పెట్టెల మధ్యా గుచ్చారు. ఎనిమిదిలో రెండు పోయాయి, ఆరు మిగిలాయి. హాల్లోంచి వచ్చే వైరు, టీవీ, కెమెరాలు, మేఘన, శ్రీవత్స, వీణ. సరిగ్గా ఆరుకి ఆరు. ఒక్క కన్నం ఖాళీ లేదు. పైగా వైరు గుచ్చగానే అప్పటిదాకా ఒద్దికగా మిణుకుమంటున్న దీపాలన్నీ దీపావళి మతాబుల్లాగా చెలరేగిపోయాయి. ఆయన భార్యను పిలిచి చూపించారు. "చూశావా, ఎంత హుషారుగా ఉన్నాయో. స్పీడంటే అదీ," అన్నారు. ఆవిడ చూసి సంతోషించి వీణ శ్రుతి చేసుకోవడానికి వెళ్లింది.

ల్యాప్‌టాప్ తెరిస్తే తెరమీద గుండ్రం ఒకటి తిరగడం మొదలుపెట్టి ఇంక ఆగలేదు.

దీపాలు అంత జోరుగా వెలుగుతుంటే లోపం పెట్టెల్లో ఉంటుందని ఎవరనుకుంటారు? ఎవరో నెట్టంతా తోడేస్తున్నారని ఆయన తేల్చేశారు. తోడగలిగింది మేడమీద మేఘన ఒక్కతే. మెట్లెక్కి వెళ్లి, పిన్నిగారి వీణ అయ్యేదాకా సినిమాలు కాస్త ఆపుకోమ్మా అని మర్యాదగానే అడిగారు. మేఘన చెవులకు ఫోన్లు తగిలించుకుని, దువ్వుకున్న జుట్టుతో, ఆదివారం కూడా ఆఫీసు మీటింగులో కూర్చుని ఉంది.

"సినిమా ఏంటండీ బాబాయిగారూ? మా మేనేజరు నోరు తెరిచి మధ్యలో ఆగిపోయాడు. మీరే ఏదో చేశారనుకుని నేనే కిందికి రాబోతున్నా," అంది.

తను ఏమీ చేయలేదని ఆయన చెప్పారు. చెప్పినప్పుడు ఆయన మనస్సాక్షి నిర్మలంగా ఉంది. కాబట్టి తప్పు కంపెనీదే అయ్యుండాలి. కంప్లయింటు పెట్టగా, నెట్ కంపెనీ మనిషి బర్నబాస్ చర్చికి వెళ్తూ దారిలో ఆగాడు. తెల్లచొక్కాతో ఉన్నాడు, ప్రార్థనకు టైమైపోతోంది. హాల్లో రూటరునుంచి గూట్లోకి వెళ్లే వైరు పీకి, అక్కడ తన ల్యాప్‌టాప్ గుచ్చి చూపించాడు. నెట్ శుభ్రంగా వచ్చింది. తమ లైను బాగానే ఉందనీ, ఇంటి లోపలి వైరింగు తమది కాదనీ చెప్పి, పీకిన వైరు యథాప్రకారం గుచ్చేసి బయల్దేరాడు. అతను గేటు దాటేసరికి నెట్ పోయింది.

వెనక్కి పిలిచారు. మళ్లీ వైరు పీకాడు, తనది గుచ్చాడు, నెట్ వచ్చింది. మళ్లీ పాతది గుచ్చి వెళ్లాడు, మళ్లీ పోయింది. మూడోసారి పిలిచేటప్పటికి నాగేశ్వరరావుగారికి విషయం స్పష్టంగా అర్థమైపోయింది. ఈ కుర్రాడి చెయ్యి మంచిది. కొందరు డాక్టర్లకు హస్తవాసి ఉన్నట్టే ఇతనికి నెట్ హస్తవాసి ఉంది.

"నువ్విక్కడ కూర్చో నాయనా. పెరుగు గారెలున్నాయి, తిను. ఆవిడ వీణ అయ్యేదాకా ఆ రూటరుమీద ఒక చెయ్యేసుంచు, చాలు," అన్నారు.

బర్నబాస్ ఇబ్బందిగా గారె తిన్నాడు. చెయ్యి కూడా వేశాడు. నెట్ రాలేదు. పక్కనే ఉన్న కనకలక్ష్మిగారు, అతనికి ప్రార్థనుంది, పంపించండని గట్టిగా చెప్పడంతో బతికి బయటపడ్డాడు.

సభవారు ఇచ్చిన టైము దగ్గరపడింది. ఇక మిగిలింది ఫోను. ఫోన్లో నెట్‌కు సిగ్నలు మేడమీద డాబాపైన, నీళ్ల ట్యాంకు పక్కన తప్ప ఇంకెక్కడా నిలవదు. నాగేశ్వరరావుగారు వీణ ఒక చివర, మేఘన ఒక చివర పట్టుకుని పైకి చేర్చారు. డాబా అంతా కనకలక్ష్మిగారే ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాలు. వాటి మధ్య చాప వేసుకుని ఆవిడ కూర్చుంది. ఎండ తగలకుండా ఆయన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మేఘన ఫోను పట్టుకుంది. రేపల్లెలో సభ పెద్ద దశరథరామయ్యగారి ముఖం తెరమీద కనపడింది. పెద్దాయన, నుదుట విభూతి, పెదవులమీద తాంబూలం.

ఆవిడ మోహన రాగం మొదలుపెట్టింది. రెండు స్వరాలు పలికాయో లేదో, కింద వీధిలో ఉల్లిపాయల ఆటో వచ్చి వాకిట్లోనే ఆగింది. దాన్ని పొమ్మని సైగ చేయబోయి నాగేశ్వరరావుగారు వడియాల్లో కాలేశారు. గొడుగు జారి ఆవిడ తలమీద బోర్లాపడింది. తెరమీద దశరథరామయ్యగారు నొచ్చుకున్నారు.

"అమ్మా, మీరు సంతలో కూర్చున్నారా? సరే, మిమ్మల్ని చివర్న ఇంకోసారి పిలుస్తాం. అప్పుడు కూడా కుదరకపోతే ఇక వచ్చే ఏడేనండి," అన్నారు.

కనకలక్ష్మిగారు వీణను మళ్లీ కిందికి చేర్పించి, వీణ గదిలో కూర్చుని, కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే శ్రీవత్స ఫోను చేశాడు. పరీక్షలో టీ విరామంట. తండ్రి చెప్పిందంతా విని, అసలు ఎన్ని స్విచ్చులు తెచ్చావని అడిగాడు. రెండని తేలింది. మధ్యలో ఎన్ని వైర్లు వేశావన్నాడు. అవీ రెండని తేలింది.

"అయ్యో నాన్నా, అదే కొంప ముంచింది. ఒక వైర్లో వెళ్లిన మాట రెండో వైర్లోంచి మళ్లీ వెనక్కొస్తుంది. అదే మాట గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, వేరే మాటకి సందు దొరకదు. ఆ రెండోది పీకెయ్, అన్నీ వచ్చేస్తాయి."

"పీకితే ఎనిమిది మిగుల్తాయిరా," అన్నారు నాగేశ్వరరావుగారు.

వాడు జవాబు చెప్పేలోగా బాపట్లలో గంట మోగింది, ఫోను ఆగిపోయింది.

ఆయన గూడు ముందు నిలబడ్డారు. చెయ్యి వైరుదాకా వెళ్తోంది, వెనక్కి వస్తోంది. వైరు ఉంచితే నెట్ లేదు. తీస్తే ఎనిమిది. స్కూటరు కాలవలో పడ్డ చప్పుడు ఆయన చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఈ రోజున, ఈ పనికి, చేతులారా ఆ సంఖ్యను ఎలా పిలుస్తారు? వెనకాల కనకలక్ష్మిగారు వచ్చి నిలబడింది. కొడుకు చెప్పిందంతా ఆవిడ విన్నది.

"ఏవండీ, మన పెళ్లి ఎప్పుడయింది?"

"ఇదేంటి ఇప్పుడు? ఏడో తారీఖున."

"ముహూర్తం ఎన్నింటికి?"

"రాత్రి ఒంటిగంట దాటాక. మీ నాన్నగారు కునుకుతుంటే లేపి మరీ కన్యాదానం చేయించారుగా."

"పన్నెండు దాటితే తారీఖు మారదూ?"

నాగేశ్వరరావుగారు నోరు తెరిచారు. శుభలేఖ ఆయనకు కంఠతా వచ్చు. ఏడో తారీఖు రాత్రి, తెల్లవారితే ఎనిమిది. ఆ తెల్లవారడం సంగతి ఇన్నేళ్లలో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. "తెల్లవారలేదుగా. మనకి సూర్యోదయమైతేనేగా రోజు మారేది," అన్నారు బలహీనంగా.

"మీ స్కూటరు నంబరు సూర్యోదయం చూసి కూడారా? మన పెళ్లయింది ఎనిమిదో తారీఖున. తెలిస్తే బెంగపెట్టుకుంటారని ఇన్నేళ్లూ చెప్పలేదు. మీరు ఏడు ఏడు అంటుంటే నవ్వొచ్చి లోపలికి పోయేదాన్ని. నేను మీకు కలిసిరాలేదనిపిస్తే ఆ వైరు అలాగే ఉంచండి. నేనింక తంబూరాయే పట్టుకుంటా."

అంత పెద్ద మాట ఆవిడ నోటినుంచి ఆయన ఎప్పుడూ వినలేదు. బియ్యం డబ్బావైపు చూశారు కానీ కూర్చోలేదు. వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. రెచ్చిపోయి వెలుగుతున్న దీపాలు ఒక్కసారి ఆరి, మళ్లీ ఒకటొకటిగా వెలిగి, నిదానంగా మిణుకుమనడం మొదలుపెట్టాయి. మేడమీదనుంచి మేఘన, వచ్చింది బాబాయిగారూ అని కేకేసింది. ఆగిపోయిన మేనేజరు మళ్లీ మాట్లాడుతున్నాడనీ, ఆగినప్పుడే బాగున్నాడనీ కూడా చెప్పింది.

చివరి పిలుపు వచ్చింది. వీణ గది తలుపు వేశారు. ఆటో మైకు గోడల అవతలే ఉండిపోయింది. కనకలక్ష్మిగారు కళ్లు మూసుకుని మోహన ఎత్తుకుంది. ఇన్నేళ్లూ ఇంకొకరి వెనకాల కూర్చుని వింటూ, మనసులో వాయించుకుంటూ దాచుకున్నదంతా ఆవిడ వేళ్లలోంచి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాగేశ్వరరావుగారికి ఒళ్లు గగుర్పొడిచింది. ఈ ఇంట్లో రోజూ వినే వీణే, కానీ రోజూ తను పేపరు చదువుకుంటూ విన్నారు.

ఆవిడ ముగించింది. తెరమీద దశరథరామయ్యగారు కదలలేదు. కళ్లు మూసి, తల కొద్దిగా పక్కకు వాల్చి, బొమ్మలాగా ఉండిపోయారు. మళ్లీ పోయింది నెట్, అనుకుని నాగేశ్వరరావుగారు గూటివైపు పరుగెత్తబోయారు. కనకలక్ష్మిగారు కళ్లతోనే ఆపింది. ఆయన ఒంటికాలిమీద ఆగిపోయారు. అప్పుడు తెరమీది పెద్దాయన కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"ఇంకోటి వాయించమ్మా," అన్నారు. "ఇది పరీక్షక్కాదు, నాకోసం."

రెండోది కూడా అయ్యాక సభ నిర్ణయం అక్కడికక్కడే చెప్పేశారు. కచేరీ కనకలక్ష్మిగారిదే, గంటన్నర, పక్కవాద్యాలు సభవారే చూసుకుంటారు. "వచ్చే నెల ఎనిమిదో తారీఖు సాయంత్రం. మీకేం అభ్యంతరం లేదుగా అమ్మా?" అని అడిగారు.

ఆవిడ భర్తవైపు చూసింది. నాగేశ్వరరావుగారు తెరలో తాను కనబడేలా ముందుకు వంగారు. "అభ్యంతరమేంటండీ. మా పెళ్లయింది కూడా ఎనిమిదినే," అన్నారు. ఆ మాట అనేసరికి కనకలక్ష్మిగారికి నవ్వాగలేదు. ఈసారి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లే అవసరం కూడా లేకపోయింది.

సాయంత్రం బాపట్లనుంచి వచ్చిన శ్రీవత్స గూట్లోకి తొంగి చూశాడు. రెండు పెట్టెలు, మధ్యలో ఒకే వైరు, దీపాలు బుద్ధిగా ఉన్నాయి. ఒక్క ఎనిమిదిదాని పని చేయడానికి రెండు అయిదులు తెచ్చావా అని అడగబోయి, తండ్రి మొహం చూసి, పరీక్ష బాగా జరిగిందని చెప్పి కాఫీ తాగాడు. రెండు కన్నాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోవద్దని నాగేశ్వరరావుగారే పైన కాగితం అతికించారు. మధ్యాహ్నమే జ్యోత్స్నకు ఫోన్ చేసి, అలా రెండో పొట్టి వైరు ఇంకెవరికీ ఇవ్వొద్దని గట్టిగా హెచ్చరించారట.

మర్నాడు ఆయన బంధువులకు పంచడానికి ఆహ్వానపత్రాలు అచ్చువేయించారు. అందులో కచేరీ తేదీ, 'ఏడవ తారీఖు రాత్రి, తెల్లవారిన తరువాత వచ్చే సాయంత్రం' అని ఉంది.